కంపెనీల సంఖ్య కాదు, వాటాలు చూడాలి
అమెరికాలో ఒక్కో రంగంలో ఎన్ని కంపెనీలున్నాయో లెక్కపెట్టి, పోటీకి ఢోకా లేదని ఈమధ్య ఒక వ్యాసంలో తేల్చేశారు. నేను ఒప్పుకోను. కంపెనీలు ఎన్నున్నా, వాటి యజమానులు ఒకరే అయితే అది నిజమైన పోటీ ఎలా అవుతుంది? 1911లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో చమురు దిగ్గజం స్టాండర్డ్ ఆయిల్ 34 కంపెనీలుగా విడిపోయినప్పుడు, పాత వాటాదారులకే వాటన్నిటిలోనూ వాటాలు దక్కాయి. దాని స్థాపకుడు రాక్‌ఫెల్లర్ ఆస్తి తగ్గకపోగా పెరిగింది. ఆ ముక్కల్లోంచి ఎదిగిన ఎక్సాన్, మొబిల్ 1999లో మళ్లీ ఒక్కటయ్యాయి. ఇప్పటి సంగతి ఇంకా లోతైనది. జేపీ మోర్గన్, సిటీ గ్రూప్ వాటాదారుల జాబితాలను పక్కపక్కన పెట్టుకుని చూశాను. పోటీదారులైన ఆ రెండు బ్యాంకుల్లోనూ పై వరుసలో కనిపించేవి జనం సొమ్మును ఫండ్లుగా పోగుచేసి షేర్లలో పెట్టే వాన్‌గార్డ్, బ్లాక్‌రాక్ సంస్థల పేర్లే. ఆ వాటాల వెనకున్నది జనం దాచుకున్న సొమ్మే, కాదనను. కానీ ఆ వాటాలపై ఓటు వేసేది చాలావరకు ఫండ్ నిర్వాహకులే కదా! వ్యాసకర్త ఆ జాబితాలు కూడా తిరగేసి ఉండాల్సింది.