కూతవేటు దూరంలో కొత్తిమీర

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఫ్లాట్ కొన్నవాడి చేతిలో బిల్డరు ఒక రంగుల బ్రోషర్ పెడతాడు. విమానాశ్రయం ఎన్ని నిమిషాలో, ఐటీ కారిడార్ ఎన్ని నిమిషాలో, ఇంటర్నేషనల్ స్కూలు ఎన్ని అడుగులో అందులో ఉంటుంది. అన్నీ కూతవేటు దూరమే. ఆ కూత ఎవరిదో మాత్రం రాయరు, బహుశా రైలుది అయ్యుంటుంది. కొత్తిమీర ఎంత దూరమో ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. విమానం ఏడాదికి రెండుసార్లు ఎక్కితే గొప్ప, కొత్తిమీర వారానికి మూడుసార్లు కావాలి. అందుచేత హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు గృహప్రవేశం చేసిన, చేయబోతున్న సమస్త గృహస్థుల క్షేమం కోరి ఈ శివారు బజారు శాస్త్రం రాయడమైనది.

శాస్త్రానికి మొదటి సూత్రం పెట్రోలు. వనస్థలిపురం రైతుబజారులో టమాటా కిలోకు ఎనిమిది రూపాయలు తక్కువని తెలియగానే గృహస్థుడు స్కూటరు తీస్తాడు. రానూపోనూ ఇరవై కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి, వంద దాటిన పెట్రోలు, అంటే దారి ఖర్చు నలభై అయిదు పైమాటే. ఆ ఖర్చు రాబట్టాలంటే ఆరు కిలోల టమాటాలు కొనాలి. నలుగురున్న ఇంట్లో వారానికి రెండు కిలోలు తింటారు. మిగతా నాలుగూ గురువారానికి మెత్తబడతాయి. శుక్రవారం వాటిని నిలవ పచ్చడి పెడదామంటే నూనె, చింతపండు, ఎండుకారం ఖర్చు. ఈ విధంగా ఎనిమిది రూపాయలు ఆదా అవుతాయి.

2023 డిసెంబరులో మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. జీరో టికెట్‌కు దారి ఖర్చు సున్నా, కాబట్టి రెండు కిలోలకే పదహారు రూపాయలు మిగులుతాయి. ఈ ఆర్థిక సత్యాన్ని ఇంటి మగవాళ్లు ఎంత వేగంగా గ్రహించారంటే, రైతుబజారు సంచీని ఆ నెలలోనే భార్యలకు అప్పగించి, మహిళా సాధికారతకు మద్దతు ప్రకటించారు.

రైతుబజారు మంచిదే. 1999 నుంచి నడుస్తున్న ఏర్పాటు. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. టోకు ధరకు కాస్త పైన, బయటి చిల్లర ధరకు కాస్త కింద ఉండేట్టు పెడతారు. బోర్డు చదవకుండా లోపలికి వెళ్లినవాడు మోసపోతే అది మోసం కాదు, నిరక్షరాస్యత. ఒక్కటే చిక్కు. బోర్డు మీది ధర మంచి సరుకుకు. అందరూ ఏరుకోగా మధ్యాహ్నానికి మిగిలిన సరుకుకూ అదే ధర అడుగుతారు. వెళితే పొద్దున ఎనిమిదిలోపు వెళ్లాలి, లేదా వెళ్లకూడదు.

ఇక శివారు నాగరికతకు అసలు గుండెకాయ వారం అంగడి. ఇక్కడివాళ్లు అంగడి అంటారు, విజయవాడ హైవే పట్టుకుని వచ్చి స్థిరపడినవాళ్లు సంత అంటారు, ధర ఇద్దరికీ ఒకటే. మధ్యాహ్నం మూడింటికి కాలనీ రోడ్డు మీద టార్పాలిన్లు పరుస్తారు, ఆరింటికి బ్యాటరీ బల్బులు వెలుగుతాయి, తొమ్మిదిన్నరకల్లా రోడ్డు మళ్లీ రోడ్డు అయిపోతుంది, క్యాబేజీ ఆకులు తప్ప. ఇందులో ఎప్పుడు వెళ్లాలన్నది సరుకును బట్టి ఉంటుంది. పాలకూర, పుంటికూర, మెంతి, కొత్తిమీర కావాలంటే అయిదు లోపే వెళ్లాలి. వాడిపోకుండా గంటకోసారి నీళ్లు చల్లుతుంటారు, ఏడింటికి కట్ట బరువెక్కుతుంది, కట్ట నడుమ కుళ్లు మొదలవుతుంది. తాడు దగ్గర వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది, జిగురుగా తగిలితే వదిలేయాలి. టమాటా, వంకాయ, దోసకాయ మాత్రం ఎనిమిదిన్నర తర్వాత కొనాలి. వాటిని మళ్లీ ఆటోకెత్తి, ఇంకో అంగడిలో దింపి, నలగ్గొట్టుకోవడం కన్నా "వందకు మూడు కిలోలు తీస్కపో అక్కా" అనడమే అమ్మేవాళ్లకు లాభం.

కూరగాయల పరీక్ష అందరికీ తెలుసు: బెండకాయ కొస విరవాలి, సొరకాయకు గోరు దిగాలి, చిక్కుడు టప్పున విరగాలి. వీటికి అమ్మేవాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోని దుకాణంలో కొనకపోవడమే పరీక్ష. బీరకాయ చేదు, దోసకాయ చేదు మాత్రం బయటికి కనిపించవు. ఇంట్లో కోసేటప్పుడు ప్రతి కాయలోనూ చిన్న ముక్క నాలిక్కి తగిలించాలి. ఒక్క చేదు కాయ కూర మొత్తాన్నీ, దాంతోపాటు కూర తెచ్చినవాడి పరువునూ తీస్తుంది.

అంగడిలో ధర అడిగితే వచ్చే జవాబు కిలోది అనుకోకూడదు. "ఇరవై" అన్నారంటే అది పావుకిలో ధర. చిక్కుడుకాయ ఇరవయ్యే కదా అని రెండు కిలోలు సంచీలో పోయించుకున్నవాడు నూట అరవై వినగానే తూలి పక్కనున్న ఉల్లిగడ్డల మీద పడడం సహజం.

తూకం దగ్గర ఈ శాస్త్రం తన అత్యున్నత ఆవిష్కరణను సమర్పిస్తోంది. అంగడికి వెళ్లేటప్పుడు సంచీలో విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ ఒకటి తీసుకెళ్లాలి. ఎలక్ట్రానిక్ కాటా మీద ఖాళీ గిన్నె పెట్టినప్పుడు సున్నా చూపిస్తోందా చూసి, గిన్నెలో ఉప్పు ప్యాకెట్ పెట్టాలి. కవరు బరువు కలిసి వెయ్యికి అయిదో పదో గ్రాములు ఎక్కువ చూపించాలి. వెయ్యిన్నూరు చూపించిందంటే ఆ కాటా మీద మీ కిలో టమాటా తొమ్మిది వందల గ్రాముల చిల్లరే. కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలని చట్టం ఉంది. ముద్ర ఎక్కడుందని అడిగితే గొడవవుతుంది, ఉప్పు ప్యాకెట్ పెడితే నవ్వుతారు. నవ్వుతూనే రెండు టమాటాలు ఎక్కువ వేస్తారు. 1930లో దండి వరకు నడిచి చేసిన ఉప్పు సత్యాగ్రహం తర్వాత దేశంలో ఉప్పుకు దక్కిన రెండో గౌరవం ఇదే.

గిన్నె బరువుతో ఇంకో రకం మోసం కూడా ఉంటుంది. ఒక గిన్నెతో సున్నా చేసి, తూచేటప్పుడు దానికన్నా బరువైన గిన్నె పెడతారు. కాబట్టి చూపు అంకెల మీద కన్నా గిన్నె మీద ఉండాలి. ఫోన్ చూస్తూ తూకం వేయించుకునేవాడు ఆ ఊరి వ్యాపారాభివృద్ధికి స్వచ్ఛంద దాత.

బియ్యం సంగతి వేరు. అది బస్తా వ్యవహారం, ప్రభుత్వంతో ముడిపడినది. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ పడింది. మరుసటి వారంలో తెలుగు జాతి కడుపు ఒక కిలో పెరిగింది. అన్ని దుకాణాల్లోనూ 26 కిలోల బస్తాలు వెలిశాయి. పన్ను తప్పింది, మిల్లరు తప్పించుకున్నాడు, మూడో అంతస్తుకు బస్తా మోసే కుర్రాడి మెడ మీద మాత్రం ఆ కిలో పడింది. కొనేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: బస్తా ధరలు పోల్చకూడదు, 26తో భాగించి కిలో ధర తీయాలి. పాత 25 బస్తా కన్నా ముప్పై రూపాయలు ఎక్కువని వదిలేసిన 26 బస్తా నిజానికి చవక కావచ్చు.

దుకాణంలో గిన్నెలో పోసి చూపించే నమూనా ఎప్పుడూ పెళ్లిచూపుల బియ్యమే. బస్తా మూతి విప్పించాలి. మూతికి వేసిన గొలుసు కుట్టు ఒక కొస నుంచి లాగితే సర్రున ఊడి వస్తుంది, రెండో కొస నుంచి లాగితే ప్రాణం పోయినా రాదు. సరైన కొస తెలిసినవాణ్ని చూస్తేనే దుకాణదారు ఒక రూపాయి తగ్గిస్తాడు. నాలుగు గింజలు పంటి కింద పెడితే పాత బియ్యం కటుక్కున విరుగుతుంది, కొత్తది కాస్త మెత్తగా నలుగుతుంది. పాత బియ్యమని చెప్పి కొత్తవి అంటగడితే మొదటి రోజే అన్నం ముద్దవుతుంది. దానికి నీళ్లు తగ్గించడమే మార్గం. గ్లాసుకు రెండున్నర పోసే అలవాటుంటే అందులోంచి ముప్పావు గ్లాసు దాకా తగ్గించి చూడాలి, వంటమనిషిని తిట్టకూడదు.

ఎయిర్ కండిషన్ పెట్టి, తోపుడు బండి ఇచ్చి, తగ్గింపు ధరల్లో అమ్మే పెద్ద దుకాణాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పప్పులు, సబ్బులు, డిటర్జెంటు అక్కడే చవక. వారం మధ్యలో పొద్దున్నే వెళ్లాలి. ఆదివారం సాయంత్రం వెళ్తే బిల్లు లైనులోనే సబ్బు అరిగిపోతుంది. నూనె దగ్గర మాత్రం కళ్లజోడు పెట్టుకోవాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కపక్కన ఒకే ఎత్తున నిలబడ్డ ప్యాకెట్లలో ఒకదానిలో 910 గ్రాములు, ఇంకోదానిలో 850, మరోదానిలో 800 ఉంటాయి. తక్కువ ధర కనబడితే చవక అనుకోవద్దు, ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో గ్రాము ధర కూడా అచ్చు వేయాలని నిబంధన ఉంది. అది చదవగలిగితే కంటి పరీక్ష ఖర్చు మిగిలినట్టే.

పండ్ల విషయంలో మాత్రం శివారువాసికి దేవుడు అడక్కుండానే వరమిచ్చాడు. దశాబ్దాలుగా సిటీ నడుమ ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఆసుపత్రి కోసం ఖాళీ చేయించి బాటసింగారం పంపించారు. సిటీవాళ్లకు దూరమైంది, మనకు పెరట్లోకొచ్చింది. ఈ ఒక్క విషయంలో కూతవేటు నిజమైంది. అయితే అది టోకు మార్కెట్. రెండు కిలోల బేనిషాన్ మామిడి అడిగితే మీ వంక జాలిగా చూస్తారు. క్రేటు కొనాలి, ఇరవై కిలోలకు అటూఇటూగా ఉంటుంది. అపార్టుమెంటులో అయిదిళ్లు కలిసి ఒక క్రేటు తేవడం తెలివైన పద్ధతి. పంచుకునేటప్పుడు పెద్ద కాయలు ఎవరికన్న దాని మీద ఆ అయిదిళ్ల మాటలు ఆగిపోవడం ఆ పద్ధతిలో ఉన్న ఏకైక లోపం.

కాయ మీద పసుపు రంగు గోడకు వేసినట్టు ఒకేలా ఉండి, ముక్కు దగ్గర పెడితే వాసన లేకపోతే, కోస్తే టెంక దగ్గర పుల్లగా ఉంటుంది. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం. నిషేధం ఉన్నచోట ముక్కును నమ్ముకోవడం మంచిది. దానికన్నా పచ్చికాయలే తెచ్చి వరిగడ్డిలోనో, పేపర్లు పరిచిన అట్టపెట్టెలోనో పెడితే నాలుగైదు రోజుల్లో మగ్గుతాయి. రోజుకోసారి తిరగేసి, నల్లమచ్చ పడ్డదాన్ని వెంటనే తీసేయాలి. ఒకటి కుళ్లితే దాని ఆవిరికి పక్కవి కూడా తొందరపడతాయి.

బేగంబజారు, మలక్‌పేట గంజ్ లాంటి సిటీ టోకు బజార్లకు నెలనెలా పోవడం దండగ. ఏడాదికోసారి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌లోపు కొత్త మిరప, కొత్త చింతపండు దిగినప్పుడు పోవాలి. ఏడాది సరుకు ఒకేసారి తెస్తే ఆటో కిరాయి గిట్టుబాటవుతుంది. సంక్రాంతి ముందు మూడు రోజులు మాత్రం హైవే దాటాల్సిన ఏ బజారుకూ పోకూడదు. సిటీలో ఉన్న ఆంధ్రా అంతా ఆ రోడ్డు మీదే ఉంటుంది, అవతలి పక్క దుకాణం కళ్లకు కనబడుతూనే ఉంటుంది.

కోడి దుకాణం బోర్డు మీద రెండు ధరలుంటాయి, బతికిన కోడిది, స్కిన్‌లెస్‌ది. కిలోన్నర కోడిని ఒలిచి శుభ్రం చేస్తే కిలో మాంసం చేతికొస్తుంది. బతికిన ధరను ఒకటిన్నరతో గుణిస్తే స్కిన్‌లెస్ ధరకు దగ్గరగా రావాలి. చాలా దూరంగా ఉంటే కోడినే కొని ముందర నిలబడి కొట్టించుకోవాలి.

పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లను కూడా శాస్త్రం నిషేధించదు. రింగు రోడ్డుకు ఇవతల ఉన్నవాళ్లకు అవి సౌకర్యం, అవతల ఉన్నవాళ్లకు అవి సాహిత్యం. "మీ ప్రాంతానికి త్వరలో వస్తున్నాం" అన్న వాక్యాన్ని రోజూ చదువుకోవచ్చు. ఇవతలి వాళ్లకు కొత్తిమీర కట్ట పది రూపాయలైతే హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న ఆర్డరు చార్జీ, వాన పడితే వాన చార్జీ కలిసి అది పుట్టినరోజు పుష్పగుచ్ఛం ధరకు చేరుతుంది. కరివేపాకును ఒక వస్తువుగా గుర్తించి, ఫోటో తీసి, దానికి ధర కట్టిన ఘనత కూడా వాటిదే.

అంగడి, రైతుబజారు, బాటసింగారం, పెద్ద దుకాణం అన్నీ తిరిగి, ఆరు సంచులు వంటింట్లో దింపి, పప్పు పొయ్యి మీద పెట్టాక, తాలింపుకు కరివేపాకు లేదని తేలుతుంది. రాత్రి పది అవుతుంటుంది. గల్లీ చివర కిరాణా దుకాణం షట్టరు సగం దించి ఉంటుంది. వంగి లోపలికి చూస్తే సేటు లెక్కలు రాసుకుంటుంటాడు. అన్నిటికీ ఎమ్మార్పీయే తీసుకుంటాడని, చిల్లరకు చాక్లెట్ చేతిలో పెడతాడని ఏడాది పొడుగునా తిట్టించుకునే మనిషి. "ఏం కావాలె?" అంటాడు తలెత్తకుండా. కరివేపాకు అంటే తడి గోనెసంచీ కిందినుంచి గుప్పెడు తీసి పేపరులో చుడతాడు. ఎంత అని అడిగితే, "దానికేం పైసలు, ఉల్లిగడ్డ తీస్కో కిలో" అంటాడు.

ఇంట్లో అప్పటికే అయిదు కిలోల ఉల్లిగడ్డలుంటాయి. అయినా తీసుకుంటారు.