82 మ్యాచ్‌లు ఆడేవాణ్ని కాదు, రెండు మ్యాచ్‌లు ఆడేవాణ్ని అడగండి

ఆరేడు నెలల సీజన్‌లో హాకీ ప్లేయర్లకి మోటివేషన్ ఎక్కణ్నుంచి వస్తుంది అని అడిగితే మనవాళ్ల దగ్గర రెండు జవాబులు ఎప్పుడూ రెడీగా ఉంటాయి. ఒకటి, ప్యాషన్. రెండు, "అన్ని కోట్లు ఇస్తే నేనూ ఆడతాను." మొదటిది వైజాగ్ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల హోర్డింగుల మీద కనిపించే మాట. రెండోది బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటూ అనే మాట. రెండిట్లోనూ ఎంతో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ ఆట కాస్త దగ్గరగా చూసినవాళ్లకి ఈ రెండు జవాబులూ ఆనవు.

ముందే చెప్పేస్తున్నా, నేను మొదట మాట్లాడేది మంచు మీద ఆడే హాకీ గురించి. నవ్వుకోండి, పర్లేదు. వైజాగ్‌లో ఐస్ అంటే ఫిషింగ్ హార్బర్‌లో బోట్లలోకి ఎక్కించేదే. మా బావ టొరంటోలో ఉంటాడు, ఆయన అంటించిన పిచ్చి ఇది. అక్కడ రాత్రి ఏడింటి మ్యాచ్ చలికాలంలో మనకి తెల్లవారుజామున ఐదున్నర. అంత పొద్దున్నే లేస్తున్నానంటే యోగా మొదలుపెట్టాననుకుని మా పక్కింటాయన తెగ మెచ్చుకుంటున్నాడు. నేనూ కాదనలేదు.

అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్‌లో ఒక్కో జట్టు అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా 82 మ్యాచ్‌లు ఆడుతూ వచ్చింది. సగం సొంతూళ్లో, సగం బయట. ఒక్కోసారి ఇవాళ ఒక ఊళ్లో, రేపు ఇంకో ఊళ్లో. మ్యాచ్ అయిపోగానే అర్ధరాత్రి ఫ్లైటెక్కి, హోటల్లో కునుకు తీసి, సాయంత్రానికి మళ్లీ స్కేట్లు కట్టుకోవాలి. అక్కడితో అయిపోదు. 16 జట్లు ప్లేఆఫ్స్ అనే నాకౌట్ రౌండ్లకి వెళ్తాయి. లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్పు చేతికి రావాలంటే నాలుగు రౌండ్లలో కలిపి 16 మ్యాచ్‌లు గెలవాలి. అది తేలేసరికి జూన్ వచ్చేస్తుంది.

మరి జనవరి నెలాఖర్లో, పాయింట్ల పట్టికలో మధ్యలో వేలాడుతున్న జట్టుకి ఆడే నాలుగో లైన్ కుర్రాడు, అంటే అందరికంటే తక్కువసేపు దిగేవాడు, పక్ అనే ఆ రబ్బరు బిళ్ల వెనక అంతలా ఎందుకు పడతాడు? కప్పు కోసమా? కప్పు వాడికి కనుచూపు మేరలో ఉండదు. పేపర్లో పేరు కోసమా? వాడి పేరు వాళ్ల ఊళ్లోనే చాలామందికి తెలియదు.

నాకర్థమైనంత వరకు, వాళ్లెవరూ 82 మ్యాచ్‌లు ఆడరు. వాళ్లు ఆడేది ముప్పావు నిమిషం. ఐదుగురు దూకుతారు, దాదాపు 45 సెకన్లు ప్రాణం పెట్టి ఆడతారు, రొప్పుకుంటూ వచ్చి బెంచి మీద పడతారు, ఇంకో ఐదుగురు దూకుతారు. ఆ 45 సెకన్లలో నువ్వు బద్ధకించి వెనక్కి రాలేదనుకో, ఆ ఖాళీని మూసే పని నీ పక్కవాడిది. దూసుకొచ్చే పక్‌ని ఒంటితో ఆపాల్సింది వాడు. తర్వాత నువ్వెళ్లి అదే బెంచి మీద, మోచెయ్యి తగిలేంత దగ్గర్లో, వాడి పక్కనే కూర్చోవాలి. కూర్చోవడానికి మొహం చెల్లాలి కదా! నన్నడిగితే జనవరి నెలలో ఆటగాణ్ని నడిపించేది చాలావరకు ఇదే. కోచ్ స్పీచ్‌కి అంత సీను లేదు.

ఇంకోటి భయం. జట్టులో 23 మంది దాకా ఉంటారు, మ్యాచ్‌కి దిగేది 20 మంది. మిగిలినవాళ్లు దెబ్బల్లేకపోయినా పైన గ్యాలరీలో కూర్చుని చూడాల్సిందే. కింద ఏహెచ్‌ఎల్ అని ఇంకో లీగ్ ఉంది, అక్కడ కుర్రాళ్లు పైనుంచి ఫోన్ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. టూ-వే కాంట్రాక్ట్ ఉన్నవాడైతే కిందికి వెళ్లినప్పుడు వాడి జీతం కూడా కిందికే వెళ్తుంది. భయంతో ఆడకూడదని మోటివేషన్ స్పీకర్లు చెప్తారు. వాళ్లకేం, చేతిలో మైకుంటే ఎన్నైనా చెప్తారు. చోటు పోతుందన్న భయం పని చేసుకు బతికే ప్రతివాడికీ ఉంటుంది, గాజువాకలో కాంట్రాక్ట్ మీద చేసేవాడికీ ఉంటుంది. దానికి ప్యాషన్ అని రంగు వేసి ఫ్రేము కట్టడమే నాకు చిరాకు.

డబ్బు సంగతికొస్తే, డబ్బు వాళ్లని రింక్ దాకా తీసుకొస్తుంది, కాదనను. కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో జీతం రెగ్యులర్ సీజన్‌తో సరి. ప్లేఆఫ్స్ రెండు నెలలకీ విడిగా జీతం ఉండదు. లీగ్ ఇచ్చే బోనస్‌లో వాటా వస్తుంది, పెద్ద ప్లేయర్లకి అది చిల్లర కింద లెక్క. అయినా ఒళ్లు హూనం చేసుకునేది ఆ రెండు నెలల్లోనే. 2013 ఫైనల్స్ ఆఖరి మ్యాచ్‌ని బోస్టన్ ప్లేయర్ పాట్రిస్ బెర్జరాన్ విరిగిన పక్కటెముకతో, జారిన భుజంతో ఆడాడు. ఊపిరితిత్తికి చిల్లు పడిందని తర్వాత తెలిసింది. మ్యాచ్ ఓడిపోయారు కూడా. దీన్నేదో వీరగాథలా చెప్పట్లేదు. ఎవరో ఒకరు ఆ మనిషిని బలవంతంగా కూర్చోబెట్టాల్సింది. కాకపోతే, కోట్ల కోసమే ఆడతారనే మాట దగ్గర ఈ ఒక్క పేరు చెప్పి ఊరుకుంటాను.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. అంత పెద్ద సీజన్ అంటే శిక్ష అన్నట్టు మాట్లాడతాం. నాకు అది వరంలా కనిపిస్తుంది.

సెయింట్ లూయిస్ బ్లూస్ అనే జట్టు సంగతి చూడండి. 1967లో లీగ్‌లోకి వచ్చారు, యాభై ఏళ్లు దాటినా ఒక్క కప్పు లేదు. 2018 నవంబర్‌లో కోచ్‌ని పీకేశారు. 2019 జనవరి 3న లీగ్‌లోని 31 జట్లలో చిట్టచివర ఉన్నారు. చేసేది లేక జోర్డన్ బిన్నింగ్టన్ అని, వాళ్ల లెక్కలో ఎక్కడో వెనకున్న గోల్‌కీపర్‌ని జనవరి 7న దించారు. మొదటి స్టార్ట్‌లోనే ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అక్కణ్నుంచి గెలుస్తూ గెలుస్తూ పోయి, జూన్ 12న బోస్టన్‌లో ఫైనల్స్ ఏడో మ్యాచ్ 4-1తో గెలిచి కప్పు ఎత్తారు. ఇది పది రోజుల టోర్నమెంట్ అయ్యుంటే ఆ జట్టు మూడో రోజే సామాన్లు సర్దుకునేది, బిన్నింగ్టన్ పేరు మనకి తెలిసేదే కాదు. మిగిలిన మ్యాచ్‌లు ఉన్నాయి కాబట్టే బాగుపడ్డారు. నిన్నటి చెత్త ఆటని ఎల్లుండి కడుక్కోవచ్చంటే, ఎల్లుండి మంచం దిగడానికి అంతకంటే కారణం ఏం కావాలి?

సరే, మన హాకీకి వద్దాం. 2024 జనవరి, రాంచీ. పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫయర్. మన అమ్మాయిలు సెమీస్‌లో జర్మనీతో షూటౌట్‌లో ఓడారు. మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడి 0-1తో ఓడారు. టోక్యోలో నాలుగో స్థానంలో నిలిచిన జట్టు ఒక్క గోల్ తేడాతో పారిస్‌కి దూరమైంది. అప్పట్లో దేశాల మధ్య ఆడే ప్రో లీగ్ మ్యాచ్‌లు ఉన్నాయి నిజమే, కానీ ఒలింపిక్స్ గుమ్మం మళ్లీ తెరుచుకునేది 2028లో. ఆ ఓటమిని కడుక్కోవడానికి వాళ్లకి ఎల్లుండి లేదు. ఆ మర్నాడు పొద్దున గోల్‌కీపర్ సవిత ప్యాడ్లు ఎందుకు కట్టుకోవాలి? ఎన్‌హెచ్‌ఎల్ వాళ్లని అడిగే ప్రశ్న ఈ అమ్మాయిలని అడగాలి.

ఇంకా కష్టమైన ఉదాహరణ మన తెలుగమ్మాయే. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన ఎతిమరపు రజని. తను గోల్‌కీపర్. ఏళ్ల తరబడి సవిత వెనక రెండో కీపర్‌గా ఉంటూ వచ్చింది, టోక్యోకి రిజర్వుగా జట్టుతో వెళ్లింది. హాకీలో ఫార్వర్డ్‌ని నిమిషానికోసారి మార్చొచ్చు. మొదటి కీపర్ బాగా ఆడుతుంటే రెండో కీపర్‌ని దించేవాళ్లుండరు. అంటే పక్కవాళ్లతో సమానంగా అదే ఎండలో, అదే క్యాంపులో, అవే డ్రాగ్ ఫ్లిక్ షాట్లకి ఎదురు నిలబడి, చివరికి మ్యాచ్ రోజున కూర్చోవాలి. ఆ కూర్చునేది కూడా తన మీద తనకి నమ్మకం పోకుండా కూర్చోవాలి, ఎందుకంటే ఏ క్షణానైనా పిలుపు రావచ్చు. లాకర్ రూమ్ స్పీచ్‌లు వింటే ఇది వచ్చేది కాదు. మన టీవీ ఛానళ్లు రజనిని పిలిచి "ఎలా ఫీలవుతున్నారు" అని అడగడం మానేసి, ఆడని రోజుల్లో తను ఏం చేసేదో ఒక గంట కూర్చుని అడిగితే, అందరికీ పనికొచ్చే సంగతులు దొరుకుతాయి.

ఇక లీగ్. హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై 2017లో ఆగిపోయింది. మళ్లీ మొదలైంది 2024 డిసెంబర్ 28న. ఆ మధ్యలో పెరిగిన కుర్రాళ్ల బతుకంతా సెలక్షన్ ట్రయల్స్‌తోనే గడిచిపోయింది. అమ్మాయిలకైతే ఆ లీగ్‌లో మొదటి సీజనే 2025 జనవరిలో. 2024 అక్టోబర్‌లో జరిగిన మగవాళ్ల వేలంలో ఒలింపిక్ పతకాల జట్టు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌కి పలికిన ధర 78 లక్షలు, అదే అందరికంటే ఎక్కువ. తర్వాతి నెలలోనే ఐపీఎల్ వేలంలో ఒకరికి 27 కోట్లు. పోలిక పెట్టి ఏడవడం నా ఉద్దేశం కాదు, ఏడ్చి లాభం కూడా లేదు.

ఆ లీగ్‌లో మన ఊరి పేరు మీద కూడా ఒక జట్టు ఉండేది, ఎంతమందికి తెలుసు? టీమ్ గోనాసిక. కాగితం మీద విశాఖపట్నం జట్టు, మ్యాచ్‌లు మాత్రం రూర్కెలా వైపు. మన్‌ప్రీత్ సింగ్ లాంటి ఆటగాడు మన ఊరి జట్టుకి ఆడుతుంటే మనకి తెలియలేదు. అదే ప్రో కబడ్డీ 2025 సీజన్ వైజాగ్‌లో మొదలైతే ఊరంతా కదిలింది. మహిళల క్రికెట్ వరల్డ్ కప్ మ్యాచ్‌లకి పీఎం పాలెం రోడ్డు కిక్కిరిసిపోయింది. ఆటలంటే ఈ ఊరికి ఇష్టం లేక కాదు, హాకీ ఇక్కడికి వస్తే కదా చూసేది!

మా అక్క కొడుకు హాకీ ఆడతాడు, కాలేజీ జట్టులో. ఏడాదంతా ప్రాక్టీస్ చేస్తే పోటీల్లో దక్కేవి రెండో మూడో మ్యాచ్‌లు. మొదటిదే ఓడిపోతే అవీ లేవు. పోయినసారి బస్సు లేటై, వార్మప్ కూడా లేకుండా దిగి ఓడిపోయి వచ్చారు. అంతే, ఆ ఏడాది అయిపోయింది. వాళ్ల నాన్న "వీడికి సీరియస్‌నెస్ లేదు" అంటాడు. ఏ ఆటకి సీరియస్‌గా ఉండాలి బావా, అయిపోయిన ఆటకా?

మా వీధిలో రిటైరైన పీఈటీ మాస్టారొకరు ఉన్నారు. ఒకప్పుడు బాగా ఆడిన మనిషి. ఆయన్ని కదిపితే ఒకటే మాట: "పోటీకెళ్లొచ్చినోడికి మళ్లీ ఏడాది దాకా మ్యాచ్ లేకపోతే ఏటి చేస్తాడు బాబూ? బైకు కొనమంటాడు."

స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం రాగానే స్టిక్ అటకెక్కించేస్తారని మనవాళ్లని వెక్కిరించేవాళ్లు చాలామంది. ఇది నాకు ఒళ్లుమండే విషయం. రైల్వేలోనో, నేవీలోనో, పోలీసులోనో ఉద్యోగం వస్తుందని ఆడటం తక్కువ రకం కోరిక ఎలా అయింది? ఎన్‌హెచ్‌ఎల్ వాడు కొత్త కాంట్రాక్ట్ కోసం ఆడితే ప్రొఫెషనలిజం, అనకాపల్లి కుర్రాడు రైల్వే ఉద్యోగం కోసం ఆడితే అవకాశవాదమా? ఇంటికి అన్నం పెట్టే కారణం కంటే గట్టి మోటివేషన్ ఏముంటుంది? ఉద్యోగం వచ్చాక కూడా ఆడాలంటే, వచ్చే ఆదివారం ఒక మ్యాచ్ ఉండాలి. మనం లేకుండా చేసింది ఆ ఆదివారాన్నే.

వైజాగ్‌లో పోర్టు ఉంది, స్టీల్ ప్లాంట్ ఉంది, నేవీ ఉంది, రైల్వే ఉంది, యూనివర్సిటీ ఉంది. అరడజను జట్లు ఈ ఊళ్లోనే తయారవుతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ. వారానికి ఒక మ్యాచ్ చొప్పున ఒక చిన్న లీగ్ పెట్టండి. టర్ఫ్ లేకపోతే మట్టి గ్రౌండ్‌లోనే సున్నంతో గీతలు వేయించండి. ఎవరు చూస్తారండీ అని మొన్న ఒకాయన అన్నాడు. మొదట్లో ఎవరూ చూడక్కర్లేదు. ఓడిన జట్టుకి వచ్చే వారం మ్యాచ్ ఉండి, పాయింట్ల పట్టిక ఎవరో ఒకరు సరిగ్గా రాస్తే చాలు.

అంపైర్లకి, బంతులకి, మంచినీళ్లకి, గీతల సున్నానికి ఒక సీజన్‌కి ఎంతవుతుందో తెలిసినవాళ్లు లెక్క వేసి చెప్పండి. నా వంతు నేను ఇస్తాను. మా టొరంటో బావ చేత కూడా ఇప్పిస్తాను, డాలర్లలో.