వెయ్యెనిమిది చెక్కముక్కల వ్రతం

ఇల్లు కట్టేవాడికి ఇసుక సమయానికి దొరకదు, మేస్త్రీ అసలు దొరకడు, వాస్తు చెప్పే పెద్దమనిషి మాత్రం పిలవకుండానే వస్తాడు. ఈమధ్య ఆయనతో పోటీ పడుతున్నది ఒక్కటే, చెక్క ఫ్లోరింగ్ శాంపిల్. పేరు, పిన్‌కోడ్, ఫోన్ నంబరు ఇస్తే చాలు, నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ఉన్న ముక్క కొరియర్‌లో తిరుపతి కొర్లగుంటలోని మన గుమ్మంలోకొచ్చి వాలుతుంది. పైసా ఇవ్వక్కర్లేదు. కొందరు కొరియర్ ఖర్చు పుచ్చుకుని కూడా దాన్ని ఉచితం అనే అంటారు, అది వాళ్ల సంస్కారం. ఫోన్ నంబరు ఎందుకు తీసుకున్నారో మర్నాడు అన్నంలో చెయ్యి పెట్టిన వేళకు తెలుస్తుంది.

ఉచితం సంగతి తిరుపతివాడికి ఒకరు చెప్పాలా? కొండ మీద దర్శనమయ్యాక చిన్న లడ్డూ ఒకటి ఊరికే ఇస్తారు. ఇంటికీ, పక్కింటికీ, ఆఫీసుకీ మాత్రం యాభై రూపాయల లడ్డూలు కొని సంచి నింపుకుంటాం. అయితే ఊరికే ఇచ్చిన లడ్డూ, కొన్న లడ్డూ ఒకటే రుచి. చెక్కముక్క విషయంలో అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు.

ఇక లెక్క. నాలుగు బై ఆరు అంటే 24 చదరపు అంగుళాలు. హాలు 12 బై 14 అనుకుంటే 168 చదరపు అడుగులు, అంటే 24,192 చదరపు అంగుళాలు. భాగిస్తే సరిగ్గా 1008. శేషం సున్నా. అర్చనలో వినపడే సంఖ్య హాలు కొలతలో తేలిందంటే ఇందులో ఏదో సంకల్పం ఉన్నట్టే. బంధువుల్లో, కార్తీక వనభోజనాలకు వచ్చేవాళ్లలో 1008 ఫోన్ నంబర్లు పోగుచేసి తలా ఒక ముక్క తెప్పిస్తే హాలంతా పైసా ఖర్చు లేకుండా పరుచుకుపోతుంది. ఈ వ్రతానికి ధర్మశాస్త్రం అడ్డు రాదు, వడ్రంగం అడ్డొస్తుంది. శాంపిల్‌ను పలక నడిమి నుంచి కోస్తారు కాబట్టి అంచున ఉండాల్సిన నాలుక, గాడి చాలాసార్లు ఉండవు. ఒకదాన్నొకటి కరుచుకునే లాకు లేకపోతే అది ఫ్లోరు కాదు, హాలంత క్యారమ్ బోర్డు.

కాబట్టి చేసేదేమిటంటే, 1008వ వంతు చూసి మిగతా 1007 వంతులకూ డబ్బు కట్టడం. తప్పేమీ లేదు. దామలచెరువు మండీలో మామిడి బేరగాడూ అంతే, గుట్టలోంచి ఒక్క కాయ తీస్తాడు. కాకపోతే దాన్ని కోస్తాడు, ముక్క నోట్లో వేసుకుంటాడు, టెంక వరకూ చూస్తాడు. ఆ కాయ ఇక అమ్మకానికి పనికిరాదు, ఎవరూ బాధపడరు. మన ఇంట్లో చెక్కముక్కకు జరిగే మర్యాద వేరు. కవరు విప్పగానే షోకేసులో, తిరుచానూరు కుంకుమ భరిణె పక్కన నిలబెడతారు. గీత పడుతుందని పిల్లలకు అందకుండా పైఅరకు ఎక్కిస్తారు. ఉచితంగా వచ్చినదాన్ని పాడుచేయడానికి మనకు చేతులు రావు. డబ్బు పోసి కొన్నదాన్ని పాడుచేయడానికి ఇంటిల్లిపాదికీ వస్తాయి.

అందుచేత ముందు షోకేసులోంచి దించాలి. దించి, పక్కనుంచి చూడాలి. పైనుంచి చూస్తే అన్నీ ఓక్ వంశస్థులే, గోత్రం బయటపడేది అంచులో. గోధుమరంగు పొడి గట్టిగా ఒత్తినట్టుంటే లామినేట్: హెచ్‌డీఎఫ్, అంటే చెక్కపొడిని గట్టిగా ఒత్తి చేసిన పలక మీద చెక్క ఫోటో అచ్చువేసిన కాగితం, దాని మీద మెలమైన్ అనే ప్లాస్టిక్ లాంటి పూత. బూడిదరంగులో రాయిలా ఉంటే ఎస్‌పీసీ, సున్నపురాయి పొడి, పీవీసీ కలిపినది. ప్లైవుడ్ పొరల మీద నిజం చెక్క పల్చగా కూర్చుంటే ఇంజినీర్డ్ వుడ్. దాని పైపొరను స్కేలు పెట్టి కొలవాలి. 0.6 మిల్లీమీటర్లు ఉంటే చెక్కే, కాదనలేం, కానీ మళ్లీ గీకించి పాలిష్ పట్టించే యోగం లేదు. 3 మిల్లీమీటర్లు ఉంటే ఒకటి రెండుసార్లు ఆ భాగ్యం ఉంది. చీర మడత తిప్పిచూసి శ్రీకాళహస్తి కలంకారీలో చేతిపని ఏదో, అచ్చు ఏదో చెప్పేసే ఇల్లాలు కూడా చెక్కముక్క దగ్గరికొచ్చేసరికి పైమెరుపు చూసి ‘బాగుంది’ అనేస్తుంది.

ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది మన వైపు కొండల్లోనే. శేషాచలంలో దుంగ మీద చెయ్యి వేస్తే కేసు. అందుకే చట్టానికి భయపడే తిరుపతి గృహస్థుడు కొండ కనపడే కిటికీ పెట్టించుకుని, జన్మలో చూడని ఐరోపా ఓక్ చెట్టు ఫోటో మీద నడుస్తాడు. కుప్పం గ్రానైటేమో ఓడెక్కి ఎక్కడెక్కడికో పోతుంది.

నీళ్ల పరీక్షకు వద్దాం. చేయాల్సింది ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. ముక్క మందం వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి వెనకవైపు పెన్సిల్‌తో రాయాలి, 8.0 మిల్లీమీటర్లు అనో ఎంతుంటే అంతనో. గ్లాసు నీళ్లలో సగం మునిగేలా నిలబెట్టి 24 గంటలు వదిలేయాలి. మర్నాడు తుడిచి అదే చోట కొలవాలి. మామూలు హెచ్‌డీఎఫ్ అంచు నానేసిన మినప్పప్పులా ఉబ్బి ఉంటుంది. ఎండబెట్టినా పాత కొలతకు రాదు. వేడితో, బరువుతో ఒత్తిన పొడి అది. ఒకసారి విడిపోయాక మళ్లీ ఒత్తే యంత్రం మన వంటింట్లో లేదు. శాంపిల్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. దాని నాలుగంచులూ రంపంతో కోసినవి, లాకు దగ్గర ఫ్యాక్టరీలో పూసే మైనం వాటికి ఉండదు, అందుకని కొంచెం ఎక్కువే తాగుతుంది. అయితే గోడవారన, బాత్‌రూమ్ గుమ్మం దగ్గర ఫిట్టర్ కోసే అంచులూ అలాంటివే. నీళ్లొచ్చేదీ అక్కడికే.

దుకాణంలో అడిగి చూడండి. “వాటర్ ప్రూఫ్ అన్నా, ఏం భయం లేదు” అంటాడు. వారంటీ కాగితంలో అది ‘వాటర్ రెసిస్టెంట్’ అయివుంటుంది, కింద చిన్న అక్షరాల్లో ఇన్ని గంటలని గడువు. ఆ గడువు ఒలికిన కాఫీకి. శుక్రవారం తెల్లారేసరికి రెండు బకెట్లు కుమ్మరించి, చీపురుతో వాకిట్లోకి తోసి, గడపకు పసుపు రాసే ఇంటిని ఆ కాగితం రాసినవాడు కలలో కూడా చూసి ఉండడు. నీళ్లకు చలించనిది కావాలంటే ఎస్‌పీసీ. దానికీ ఒక బలహీనత ఉంది. పడమటి కిటికీలోంచి మే నెల ఎండ గంటల తరబడి నేరుగా పడితే సాగి, కీళ్ల దగ్గర పైకి లేవగలదు. మందపాటి కర్టెన్ ఖర్చు కూడా ఎస్టిమేట్‌లో రాసుకోవాలి.

రంగు చూసే పద్ధతిలోనూ లోకమంతా ఒకటే తప్పు చేస్తుంది, ముక్కను చేత్తో ఎత్తి కళ్లముందు పెట్టుకుంటుంది. ఫ్లోరును ఎవరూ అలా చూడరు. నేల మీద పడుకోబెట్టి, నిలబడి చూడాలి. పొద్దున కిటికీ దగ్గర, సాయంత్రం తెల్ల ట్యూబ్‌లైటు కింద, రాత్రి పసుపు బల్బు కింద. దుకాణంలో తేనెరంగులో మెరిసిన ముక్క ట్యూబ్‌లైటు కింద బూడిదరంగుకు దిగిపోవడం మామూలే. టేకు గుమ్మం పక్కన కూడా పెట్టి చూడాలి, రెండు చెక్కరంగులు ఒకే గదిలో తోడికోడళ్లే. ముదురు రంగు ఫోటోకు బాగుంటుంది, ముగ్గుపిండి తొక్కిన ప్రతి పాదమూ దాని మీద సంతకం పెడుతుంది. నిజం చెక్క అయితే సగం ముక్కకు న్యూస్ పేపరు చుట్టి నెలరోజులు ఎండ తగిలే చోట ఉంచాలి, కాగితం విప్పితే రాబోయే ఐదేళ్ల జాతకం కనపడుతుంది.

మిగతావి చకచకా అయిపోతాయి. పసుపు కలిపిన నూనె చుక్క రాత్రంతా ఉంచి తుడవాలి. చిటికెడు ఇసుక చల్లి చెప్పుకాలితో యాభైసార్లు రుద్దాలి. లామినేట్ అయితే వెనక ఏసీ3, ఏసీ4 అని ఉందేమో చూడాలి. ఇది చల్లగాలి ఏసీ కాదు, అరుగుదల తరగతి. అందరూ తిరిగే హాలుకు ఏసీ4 మేలు. పాలు పొంగించడం, హోమం వగైరా ఫ్లోరు వేయకముందే కానిచ్చేయాలి. మెలమైన్‌కు అగ్నిదేవుడితో పొత్తు కుదరదు.

ముక్కే పాసైందనుకుందాం. ముక్క చెప్పనివి ఇంకా ఉన్నాయి. దాని మీద ముడి, మరక కనపడకపోవచ్చు, పలకంతా అవే ఉండొచ్చు. అందుకే ఖరారు చేసేముందు డిపాజిట్ కట్టయినా సరే పూర్తి పలక ఒకటి తెప్పించాలి. పెట్టెల లెక్కా అంతే జాగ్రత్తగా చూడాలి. 168 అడుగులకు పదిశాతం తరుగు కలిపితే 184.8. పలక 1215 బై 195 మిల్లీమీటర్లు, పెట్టెకు ఎనిమిది అయితే ఒక్కో పెట్టె 20.4 అడుగులు పరుస్తుంది. భాగహారం తొమ్మిది మీద చిటికెడు తేలుతుంది. “తొమ్మిది చాలు సార్” అంటారు. పదే తీసుకోవాలి, పదింటి మీదా ఒకే బ్యాచ్ నంబరు ఉండాలి. ఆర్నెల్ల తర్వాత ఒక్క పెట్టె కోసం వెళితే అదే కోడు దొరుకుతుంది, అదే రంగు దొరకదు. పెట్టెలు విప్పకుండా అదే గదిలో 48 గంటలు పడుకోబెట్టాలి, పరిచేటప్పుడు మూడు నాలుగు పెట్టెల పలకలు కలిపి వేయాలి.

కింద నేల సంగతి శాంపిల్‌కి అసలే తెలియదు. రెండు మీటర్ల అల్యూమినియం బద్ద వేసి చూస్తే కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు, ఉంటే నడిచినప్పుడల్లా కిర్రుమంటూ లాకులు విరుగుతాయి. చెమ్మ చూడటానికి మూర పొడవు పాలిథిన్ నేలకు నాలుగువైపులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచాలి, లోపల నీటిబొట్లు కనపడితే ఆగాలి. 2021 నవంబరు వానలకు నీళ్లు దూరిన కింది పోర్షన్లలో ఈ తతంగం తప్పనిసరి. గోడచుట్టూ 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి స్కర్టింగ్‌తో మూయాలి. ఫిట్టర్ శ్రద్ధగా ఆ సందులో వైట్ సిమెంటు కూరితే, వానాకాలం చెమ్మకు సాగే చోటు లేక హాలు నడుమ పలకలు గుడారంలా లేస్తాయి. పాత టైల్స్ మీదే 8 మిల్లీమీటర్ల పలక, 2 మిల్లీమీటర్ల ఫోమ్ వేస్తే నేల సెంటీమీటరు పెరుగుతుంది, తలుపులు కింద కోయాలి. ఆ కూలి ఏ ఎస్టిమేట్‌లోనూ ఉండదు.

ఇంతకీ షోకేసు ముక్కలు ఏమవుతాయంటారా? ఫ్లోరు వేసి, బిల్లు కట్టేశాక వాటికి స్వేచ్ఛ వస్తుంది. ఒకటి బీరువా కాలి కిందికి పోతుంది. ఇంకొకటి, ఏప్రిల్ రాగానే, వంటింటి మూలలో మంచినీళ్ల కుండ కిందికి చేరుతుంది. పదిహేను రోజులకు కుండ ఒక పక్కకు ఒరుగుతుంది. ఎత్తి చూస్తే ముక్క అంచు చేగోడీ అంత లావు, పైకాగితం చిట్లి లేచి ఉంటుంది. తిప్పి చూస్తే వెనక స్టిక్కరు మీద కోడు ఇంకా చెరిగిపోలేదు. హాలులో పరిచిన పది పెట్టెల మీద ఉన్నదీ అదే కోడు.