రికార్డులో 55, కంప్యూటర్‌లో 45

మొన్న సెలవులకి వచ్చిన మా మేనల్లుడి కంప్యూటర్ రికార్డు తిరగేశాను. తొమ్మిదో తరగతి, సీబీఎస్ఈ స్కూలు, ఫీజు సంగతి అడక్కండి. ఒకటి నుంచి పది దాకా అంకెలు కూడే పైథాన్ ప్రోగ్రామ్, ముత్యాల్లాంటి అక్షరాలు, కింద స్కేలుతో గీసిన డబ్బాలో అవుట్‌పుట్ 55, పక్కన ఎర్ర టిక్కు. ప్రోగ్రామ్‌లో మాత్రం రేంజ్(1, 10) అని ఉంది. పైథాన్‌లో అలా రాస్తే తొమ్మిది దగ్గరే ఆగిపోతుంది, పదిని కలపదు. వాడిచేతే నా ల్యాప్‌టాప్‌లో కొట్టిస్తే 45 వచ్చింది. "నీ ల్యాప్‌టాపే తప్పు మామయ్యా, సార్ బోర్డు మీద 55 అనే రాశారు" అన్నాడు. క్లాసులో అందరి రికార్డుల్లోనూ 55 ఏనట. అంటే రాయించిన సారుతో సహా ఒక్కరూ దాన్ని నడిపి చూడలేదు.

2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ అంది. సీబీఎస్ఈ తొమ్మిది, పదికి ఏఐ సబ్జెక్టు పెట్టింది. ఆంధ్రాలో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతికి ట్యాబులు పంచారు. ఇవన్నీ మీకు తెలిసిన గొడవలే. నేను అడిగేది వేరు. మన రెండు రాష్ట్రాల పదో తరగతి మెమోలో 600 మార్కులున్నాయి, ఆరు సబ్జెక్టులున్నాయి, కంప్యూటర్‌కి ఒక్క మార్కు లేదు, ఎందుకని? మార్కుల్లేని సబ్జెక్టుకి ఏ గతి పడుతుందో మీ ఊరి పీఈటీ సార్‌ని, డ్రాయింగ్ మేడమ్‌ని అడగండి. జనవరి వచ్చిందంటే వాళ్ల పీరియడ్లన్నీ లెక్కల సారువే.

కేరళని చూడండి. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం మొదలుపెట్టి, కొన్నేళ్లకే ఎస్ఎస్ఎల్‌సీలో (వాళ్ల పదో తరగతి) ఐటీని పరీక్ష ఉండే సబ్జెక్టు చేసేశారు. పరీక్ష కంప్యూటర్ ముందు కూర్చునే రాయాలి. అక్కడ 55 అని అందంగా డబ్బా గీస్తే నడవదు, స్క్రీన్ మీద 45 కనబడి తీరుతుంది, అప్పుడు పిల్లాడు ఎక్కడ తప్పుపోయిందా అని వెతుక్కుంటాడు, ఆ వెతుక్కోవడం పేరే కంప్యూటర్ సైన్స్. నాకు ఇంకా నచ్చింది ఏమిటంటే, వాళ్లు దీనికోసం బయటి మనుషుల్ని తెచ్చుకోలేదు. ఉన్న లెక్కల టీచర్నీ మలయాళం టీచర్నీ కూర్చోబెట్టి నేర్పించారు. సాఫ్ట్‌వేర్ లైసెన్సులకి డబ్బు తగలేయకుండా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ పెట్టుకున్నారు. పుస్తకం మలయాళంలో కూడా ఉంటుంది (తెలుగులో కంప్యూటర్ పాఠమంటే మనకి నవ్వొస్తుంది కదా, సరే, అది ఇంకోసారి).

ఏఐ వచ్చాక ఇక కోడింగ్ ఎందుకండీ, అసలే పిల్లలకి టెన్షన్ ఎక్కువ అనేవాళ్లున్నారు. టెన్షన్ మాట నిజమే, అందుకే ఏడో సబ్జెక్టుగా థియరీ పేపర్ వద్దు, 50 మార్కుల ప్రాక్టికల్ చాలంటాను. ఏఐ మాటకొస్తే, బోర్డు మీది 55ని అనుమానించని పిల్లాడు రేపు చాట్‌జీపీటీ చెప్పినదాన్ని అనుమానిస్తాడా?

మనమూ ప్రయత్నించకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5,000 హైస్కూళ్లకి కంప్యూటర్లొచ్చాయి. ప్రైవేటు కంపెనీలకి ఐదేళ్ల కాంట్రాక్టు, యంత్రాలు వాళ్లవే, పాఠం చెప్పే మనుషులూ వాళ్లవాళ్లే. కాంట్రాక్టు ముగిసింది, పాఠమూ ముగిసింది. పెట్టెలు మిగిలాయి, వాటి ముందు నిలబడి చెప్పేవాడు ఇంటికి పోయాడు. ఇది కంప్యూటర్లతో ఆగే జబ్బు కాదు. ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, మున్సిపాలిటీలో చెత్త ఎత్తే మనిషి, జూనియర్ కాలేజీలో పాఠం చెప్పే లెక్చరర్, ఎవర్ని కదిపినా కాంట్రాక్టో ఔట్‌సోర్సింగో అంటారు. పని ఏటా ఉండేదే, మనిషి మాత్రం ఏటా రెన్యూవల్ కోసం ఎదురుచూడాలి. అలాంటివాడు పదేళ్ల తర్వాతి క్లాసు గురించి ఏం ఆలోచిస్తాడు, వచ్చే నెల జీతం పడుతుందా లేదా అని తప్ప? పార్టీలు మారాయి, రాష్ట్రం రెండయింది, ఈ ఒక్క పద్ధతి మీద మాత్రం అందరికీ ఏకాభిప్రాయమే.

మా ఊరి హైస్కూల్లో ఆ కంప్యూటర్ గది ఇంకా ఉంది. కిటికీలోంచి చూస్తే మానిటర్ల మీద కవర్లు అలాగే ఉన్నాయి, మధ్యలో మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల అట్టలు నడుమెత్తున పేర్చారు. ఆ గదిలో ఐదేళ్లు పాఠం చెప్పిన కుర్రాడు (ఇప్పుడు కుర్రాడేం కాదు, జుట్టు నెరిసింది) మండల కేంద్రంలో మీసేవ నడుపుతున్నాడు. రిజల్ట్స్ వచ్చిన రోజు పదో తరగతి పిల్లలంతా మార్కులు చూపించుకోవడానికి అతని దగ్గరికే వెళ్తారు, ప్రింటుకి పది రూపాయలు.