పాత జీపు డోరు పరదేశం వెళ్లాలంటే చౌటుప్పల్‌లో గోదాం ఉండాలి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో మెకానిక్ షెడ్ల వెనక పాత జిప్సీ డోర్లు, జీపు మడ్‌గార్డులు తుప్పు పడుతున్నాయి. ఇక్కడ వాటికి కిలోల లెక్కన ఇనుము ధరే వస్తుంది. విల్లీస్ జీపులు, పాత సుజుకీ బండ్లు బాగుచేసుకునే విదేశీ అభిమానులు అవే పార్టుల కోసం వెతుక్కుంటున్నారు. సరుకుంది, కొనేవాడూ ఉన్నాడు. రవాణా ఖర్చు దగ్గరే బేరం తెగిపోతోంది. కొరియర్ ఆఫీసులో రేటు తగ్గించమని బతిమాలితే లాభం లేదు. పది షెడ్ల సరుకు ఒకచోట చేరాలి.

లెక్క చూడండి. ఎయిర్ కొరియర్ వాళ్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తారు. ఆ అంకె, అసలు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 100, 70, 40 కొలతల పెట్టెలో పది కిలోలు కూడా తూగని మడ్‌గార్డు పెడితే 56 కిలోలకు కట్టాలి. పోస్టల్ శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు మంచివే, కస్టమ్స్ కాగితాలు అక్కడే పూర్తవుతాయి. కానీ పార్సిల్ బరువుకు, పొడవుకు పరిమితులున్నాయి. కార్బురేటర్, మీటర్లు పోతాయి, డోరు పోదు.

ఓడలో అయితే కంటెయినర్‌లో కొంత చోటే కొనుక్కోవచ్చు. అదే మడ్‌గార్డు పెట్టె 0.28 క్యూబిక్ మీటర్లు. అయినా చాలామంది ఏజెంట్లు కనీసం ఒక క్యూబిక్ మీటరుకు వసూలు చేస్తారు. కస్టమ్స్ ఏజెంటు ఫీజు, కాగితాల ఖర్చు ఒక పెట్టెకైనా పది పెట్టెలకైనా పెద్దగా మారవు. అందుకే ప్యాకింగ్‌లోనే డబ్బు మిగులుతుంది. ఒకే మోడల్ మడ్‌గార్డులను మధ్యలో ఫోమ్ షీటు వేసి ఒకదానిలో ఒకటి దూరిస్తే, నాలుగు పెట్టినా పెట్టె కాస్తే పెరుగుతుంది. అద్దం, హ్యాండిల్ విప్పేసిన డోర్లు నిలబెట్టి వరసగా పేర్చవచ్చు. ఇంజన్‌లోంచి ఆయిల్, పెట్రోలు పూర్తిగా తీసేసి చెక్క పాలెట్‌కు బిగించాలి. చెక్కలోని పురుగులు చావడానికి దాన్ని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచినట్టు చూపే అంతర్జాతీయ ఐఎస్‌పీఎం-15 ముద్ర లేకపోతే అవతలి పోర్టులో సరుకు ఇరుక్కుపోతుంది. ఇంత టెన్షన్ ఒక్క మెకానిక్ ఎలా పడతాడు?

పాత పార్టుల ఎగుమతి దొంగబండ్లకు దారి తెరుస్తుందనేవారున్నారు. భయం సబబే. కానీ ఇంజన్ నంబరు, 2021 నిబంధనల కింద రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రం కాగితం, బిల్లు చూసి తీసుకునే గోదాం ఉంటేనే దొంగసరుకు పట్టుబడుతుంది. ఎవరికి వారు పంపుకుంటే చూసేదెవరు?

ఆ గోదాం చౌటుప్పల్‌లోనే పెట్టాలి. పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ జాతీయ రహదారి అక్కడి మీదుగానే పోతుంది, రీజినల్ రింగ్ రోడ్డూ అక్కడికే వస్తోంది. తీరం లేని రాష్ట్రానికి డ్రైపోర్టు, అంటే ఓడ సరుకుకు కస్టమ్స్ పని ఊళ్లోనే పూర్తిచేసే కేంద్రం, కావాలని, బందరు పోర్టుకు దారి కావాలని మన ప్రభుత్వం అడుగుతోంది. అడగాల్సిందే. అయితే పెద్ద కంపెనీ తన కంటెయినర్ తానే నింపుకుంటుంది. అర క్యూబిక్ మీటరు సరుకున్న జడ్చర్ల మెకానిక్ సంగతేమిటి? పాలమూరు నుంచి దశాబ్దాలుగా మనుషులే వలసపోయారు. వాళ్ల చేతిపనిని సరుకుగా బయటికి పంపే ఏర్పాటు మాత్రం ఎవరూ చేయలేదు. చిన్న సరుకులు కలిపి పంపే షెడ్డు, ముద్ర వేసిన పాలెట్లు, వారానికోసారి వచ్చే కస్టమ్స్ అధికారి, ఈ మూడూ డ్రైపోర్టు ప్లాన్ మొదటి దశలోనే రాయించాలని దక్షిణ తెలంగాణ ఎమ్మెల్యేలు ఇప్పుడే పట్టుబట్టాలి.