పక్క మార్చడం కూడా చదువే

మూడేళ్ల కిందట మా నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆయనకు చొక్కా తొడగడం మాకు రోజూ ఓ యుద్ధం. చెప్పినట్టు వినే చెయ్యి కదా అని కుడి చేతికి ముందు తొడిగేవాళ్లం. ఆ తర్వాత ఎడమ చేతిని వెనక్కి మడిచి, మెలితిప్పి దూర్చేవాళ్లం. నాన్న పళ్లు బిగబట్టి ఓర్చుకునేవారు. చూసుకోడానికి పెట్టుకున్న అమ్మాయి మొదటి రోజే చొక్కా నా చేతిలోంచి అందుకుంది. "తాతగారూ, ముందు ఈ చెయ్యండీ" అంటూ ఎడమ చేతికి తొడిగి భుజం దాకా లాగింది. వీపు మీదుగా తిప్పి, కుడి చెయ్యి ఆయన్నే పెట్టుకోమంది. అర నిమిషంలో అయిపోయింది. విప్పేటప్పుడు దీన్నే తిరగేసి చెయ్యాలట. ముందు బాగున్న చెయ్యి, ఆఖర్న పడిపోయిన చెయ్యి. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, "జీడీఏ ట్రైనింగులో అండీ, వార్డులో సిస్టర్‌గారు చూపించారు" అంది.

జీడీఏ అంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్. నర్సుకు సహాయకురాలు, లేదా సహాయకుడు. మన ప్రభుత్వాస్పత్రుల్లో ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ అనే పేర్లతో పనిచేసేవాళ్లను, ప్రైవేటులో ఆయా, వార్డుబాయ్ అని పిలిచేవాళ్లను చూశాం. ఆ పనిలో చాలా భాగాన్ని ఓ పద్ధతిలో నేర్పే కోర్సు ఇది. ఎక్కువ చోట్ల పదో తరగతి పాసైతే తీసుకుంటారు. మూడు నుంచి ఆరు నెలలు ఉంటుంది. కేంద్రం 2014లో మొదలుపెట్టిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన లాంటి పథకాల కింద పల్లెల పిల్లలకు ఫీజు లేకుండా నేర్పే కేంద్రాలున్నాయి. డబ్బు కట్టించుకునే ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. ఈ పనికి ట్రైనింగేంటి, మలమూత్రాలు ఎత్తడానికి చదువు కావాలా అనే మాట నేను చాలా నోళ్ల విన్నాను. ఈ రంగంలో సగం అనర్థాలకు ఆ మాటే మూలమని నా నమ్మకం.

మొదటి వారాలు తరగతి గదిలోనే గడుస్తాయి. చేతులు కడుక్కోవడం దగ్గర మొదలవుతుంది పాఠం. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కింద, మణికట్టు, ఇలా ఓ వరుస ఉంటుంది. రోగిని ముట్టుకునే ముందూ తర్వాతా మాత్రమే కాదు, మంచం పక్కన బల్లను తాకినా మళ్లీ కడుక్కోవాలి. తర్వాత చెత్త డబ్బాల రంగులు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం చీము నెత్తురు అంటిన దూది పసుపులో, వాడేసిన గొట్టాలూ గ్లౌజులూ ఎరుపులో, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో వెయ్యాలి. బట్టీ పట్టే విషయంలా కనిపిస్తుంది గానీ, పొరపాటున ఎర్ర సంచిలో పడిన సూది చెత్త మోసే మనిషి అరచేతిలోకి దిగుతుంది. జ్వరం, నాడి, ఊపిరి, బీపీ చూసి రాయడం, రోగి ఎన్ని నీళ్లు తాగాడో ఎంత మూత్రం పోశాడో లెక్క రాయడం కూడా ఈ వారాల్లోనే వస్తాయి.

బొమ్మ మీద నేర్చుకున్నది మనిషి మీద చెయ్యడం వేరు. వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజు వాసనకే కళ్లు తిరిగి కూలబడే పిల్లలుంటారు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. చాలామందికి వారం పది రోజుల్లో అలవాటవుతుంది. అంతకన్నా ఎక్కువ కాలం పట్టేది ఇంకోటుంది. పరాయి మనిషి ఒంటిని తాకడం. పద్దెనిమిదేళ్ల పిల్ల తన తాత వయసున్న మనిషికి స్నానం చేయించాలి. ఆయన సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకుంటాడు. అక్కడ శిక్షణ ఏం చెబుతుందంటే, తెర లాగు, ఏం చెయ్యబోతున్నావో ముందు నోటితో చెప్పు, తుడుస్తున్న భాగం ఒక్కటే తెరిచి మిగతా ఒంటి మీద దుప్పటి ఉంచు. కళ్లు లోపలి కొస నుంచి బయటికి తుడువు, ఒక కంటికి వాడిన గుడ్డ అంచు రెండో కంటికి వాడకు. ముఖంతో మొదలుపెట్టి మర్మాంగాలు ఆఖర్న శుభ్రం చెయ్యి, మధ్యలో నీళ్లు మార్చు. రోగికి ఇన్‌ఫెక్షన్ రాకుండా, మర్యాద పోకుండా కాపాడే నియమాలివి. తరగతిలో ఎంత విన్నా, వాటిని చేతులకు పట్టించేది వార్డే.

పక్క మార్చడం సంగతే చూడండి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి అటో ఇటో తిప్పాలి. లేకపోతే బరువంతా ఒకేచోట పడి నడుం కింది ఎముక దగ్గర, తుంటి మీద, మడమల దగ్గర నెత్తురు ఆడక చర్మం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద వేలు పెట్టి నొక్కి వదిలినప్పుడు తెల్లబడకపోతే పుండుకు మొదటి మెట్టు అదే. దాన్ని మొదట పసిగట్టాల్సింది స్నానం చేయించే మనిషే, డాక్టరు కాదు. ఇక తిప్పడంలో తెలివి లేకపోతే నడుం పోయేది తిప్పేవాళ్లకే. కింద పరిచిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని, మోకాళ్లు వంచి, ఒకే లెక్క మీద కదపాలి. చంకల్లో చేతులు వేసి ఈడిస్తే రోగి భుజం జారొచ్చు, ముఖ్యంగా పక్షవాతం వచ్చిన వైపు. చక్రాల కుర్చీలోకి దించేటప్పుడు కుర్చీని రోగికి బలమున్న వైపు పెట్టి, ముందు బ్రేకులు వెయ్యాలి. మూత్రం సంచి ఎప్పుడూ నడుం కన్నా కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. పైకెత్తితే సంచిలోని మూత్రం వెనక్కి వెళ్లి లోపల ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. ఎక్సరేకి తీసుకెళ్తూ ఆ సంచిని రోగి పొట్ట మీద పెట్టిన దృశ్యం మన ఆస్పత్రుల్లో ఎన్నిసార్లు చూడలేదు?

కాబట్టి కోర్సు విలువ తేలేది ఒకే ఒక్క లెక్కతో. మంచం పక్కన, పని తెలిసిన నర్సు కళ్లముందు, ఎన్ని గంటలు గడిపారు? దీన్నే కేంద్రాల్లో ఓజేటీ, అంటే ఆన్ ద జాబ్ ట్రైనింగ్ అంటారు. మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కొన్నిచోట్ల అది హాజరు పట్టీ మీద సంతకాలకే పరిమితం. మరికొన్ని చోట్ల పిల్లల్ని ఆస్పత్రికి పంపుతారు గానీ, అక్కడ వాళ్లు ఫైళ్లు మోస్తారు, శాంపిళ్లు ల్యాబుకి చేరుస్తారు, స్ట్రెచర్లు తోస్తారు. జీతం లేని కూలీలు దొరికినందుకు ఆస్పత్రికి సంతోషం, ప్లేస్‌మెంట్ చూపించుకున్నందుకు సంస్థకు సంతోషం. పిల్ల చేతికి సర్టిఫికెట్ వస్తుంది, పని మాత్రం రాదు.

అమెరికాలో ఇదే పని చేసేవాళ్లను సీఎన్‌ఏ, అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్ అంటారు. అక్కడి వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ల దుస్థితిపై 1986లో ఒక నివేదిక వెలువడింది. మరుసటి ఏడాదే ఫెడరల్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కనీసం 75 గంటల శిక్షణ, అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతిపని తప్పనిసరి. మొదటి 16 గంటల పాఠం పూర్తికాకుండా రోగిని ముట్టుకోనివ్వరు. తర్వాత రాతతోనో నోటితోనో ఒక పరీక్ష, చేసి చూపించే పరీక్ష మరొకటి. పాసైన ప్రతి ఒక్కరి పేరూ రాష్ట్ర రిజిస్టరుకు ఎక్కుతుంది. రోగిని హింసించినట్టు తేలితే అది కూడా ఆ రిజిస్టరులోనే రాస్తారు. కాలిఫోర్నియా ఆ 75 గంటలు చాలవని 160 పెట్టుకుంది, అందులో 100 గంటలు రోగుల దగ్గరే. అక్కడా జీతాలు తక్కువే, పనివాళ్ల కొరత ఉన్నదే. అయినా ఈ పనికి ఇంత నేర్పు కావాలని చట్టం ఒప్పుకుంది. మన గంటలు కాగితం మీద అంతకన్నా ఎక్కువే ఉంటాయి. లేనిది వాటిని లెక్కగట్టే కన్ను. నర్సుకూ ఏఎన్‌ఎంకూ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. జీడీఏకు అది లేదు.

ఆ లోటు వల్ల వచ్చే చిక్కు ఉద్యోగంలో చేరాక తెలుస్తుంది. ఇంజెక్షన్ ఇవ్వడం, సెలైన్‌లో మందు కలపడం, మాత్రల మోతాదు మార్చడం జీడీఏ పని కాదు. శిక్షణలో ఈ గీత గీసి మరీ చెబుతారు. చిన్న నర్సింగ్ హోముల్లో ఆ గీత మొదటి నైట్ డ్యూటీలోనే చెరిగిపోతుంది. మా ఇంట్లో పనిచేసిన అమ్మాయి మొదట అలాంటి చోటే చేరిందట. రాత్రి పన్నెండు దాటాక సెలైన్‌లో మందు వెయ్యమన్నారు. నాకు రాదండీ, నేను వెయ్యకూడదండీ అంది. రేపటినుంచి రానక్కర్లేదన్నారు. ఆ పిల్ల తప్పేం లేదు. నిజానికి తన శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఆ రాత్రి పాసైంది. కానీ వెనక నిలబడే కౌన్సిల్ గానీ, సంఘం గానీ లేని మనిషికి అంత ధైర్యం ఎన్నాళ్లుంటుంది? ఇల్లు గడవాల్సిన పిల్ల రెండోసారి కాదనగలదా? ఇంజెక్షన్ వికటిస్తే పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టేది ఆమెనే, ఆ రాత్రి డ్యూటీలో నర్సును పెట్టని యజమానిని కాదు.

గోడల మీద "ఆరు నెలల్లో నర్సింగ్" అని రాసే సంస్థల సంగతి ఇంకో రకం. ఏఎన్‌ఎం రెండేళ్లు, నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఆరు నెలల్లో ఎవరూ నర్సు కాలేరు. జీడీఏ సర్టిఫికెట్ పట్టుకుని నేరుగా జీఎన్‌ఎంలోకి ఎక్కే మెట్టు కూడా లేదు. దానికి ఇంటర్ కావాలి. అంతవరకు వెళ్లాలనుకునే పదో తరగతి పిల్లలు పని చేసుకుంటూనే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టడం మేలు.

ఒంటికి సంబంధించిన జాగ్రత్తలూ ముందే తెలియాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వార్డులోకి వెళ్లేలోపు కనీసం మొదలుపెట్టాలి. సూది గుచ్చుకుంటే వేలు పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు తొలి గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. తిడతారన్న భయంతో దాచుకునే పిల్లలే ఎక్కువ.

ఈ పనికి మర్యాద ఎందుకు లేదో కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. మలమూత్రాలు ముట్టే పనిని మన సమాజం తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టింది, ఇళ్లలో ఆడవాళ్ల నెత్తిన పెట్టింది. కులానికీ ఆడదానికీ అప్పజెప్పిన పనిలో నైపుణ్యం ఉంటుందని ఒప్పుకోవడం మనకు చేతకావడం లేదు. అందుకే శిక్షణ పల్చన, జీతం పల్చన. అదే పనికి నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి ఇజ్రాయెల్ వెళ్లి ముసలివాళ్లను చూసుకునేవాళ్లు ఇంటికి డబ్బు పంపితే మాత్రం ఊళ్లో గౌరవం దొరుకుతుంది. చేసే పని ఒకటే.

మా వీధిలో ఒకాయన కూతుర్ని ఈ కోర్సులో చేర్చాలా వద్దా అని మొన్న నన్నడిగారు. చేర్చండి, కానీ ఫీజు కట్టేముందు ఓ పూట ఖర్చుపెట్టండి అన్నాను. ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలోనో కనుక్కుని అక్కడికే వెళ్లమన్నాను. కిందటి బ్యాచ్ పిల్లల్ని పట్టుకుని, రోజుకు ఎన్నిసార్లు రోగి పక్క మార్చావమ్మా, పక్కన సిస్టర్ ఉండేదా అని అడగమన్నాను. మర్నాడు వెళ్లొచ్చి చెప్పారు. ముగ్గుర్ని అడిగారట. ఇద్దరు ఫైళ్లు మోశామన్నారు.

ఇప్పుడు ఆయన వేరే కేంద్రం వెతుకుతున్నారు.