తేనెటీగ కొలువు ఖాళీ

బెంగళూరు మారతహళ్లి ప్రాంతంలో ఇంజినీర్లకు కొదవ లేదు. కొరత ఉన్నది తేనెటీగలకే. పదో అంతస్తు బాల్కనీ కింద పట్టిన పెద్ద తేనెపట్టును పెస్ట్ కంట్రోల్ వాళ్లతో తీయించడం మా అపార్ట్‌మెంట్ సంఘం సాధించిన తొలి ఘనవిజయం. మరుసటి సమావేశంలోనే ఇంకో అంశం చర్చకు వచ్చింది: టెర్రస్ మీద బీరపిందెలు పసుపెక్కి ఎందుకు రాలిపోతున్నాయి? రెండింటికీ సంబంధం ఉందన్న సభ్యుడి మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. తేనెటీగ మళ్లీ వద్దామన్నా, ఏ ఫ్లాటుకు వెళ్లాలో గేటు యాప్‌లో చెప్పలేదు కదా.

కాబట్టి పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి చేరవేసే ఆ ఉద్యోగం మనమే చేయాలి. పనివేళలు కష్టం. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. బీర, సొర సాయంత్రం పూస్తాయి, అంటే సరిగ్గా మనం ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కున్న వేళకు. మగ పువ్వు తెంపి, రేకులు వలిచేసి, ఆడ పువ్వు మధ్యనున్న కీలాగ్రానికి పుప్పొడి అద్దాలి. అడుగున బుల్లి పిందె ఉన్నదే ఆడ పువ్వు. తీగకు మొదట్లో అన్నీ మగ పువ్వులే వస్తాయి, హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు చేయనక్కర్లేదు.

టమాటాది వేరే కథ. మగా ఆడా ఒకే పువ్వులో ఉంటాయి గానీ, పుప్పొడి బాగా రాలాలంటే వణుకు కావాలి. తుమ్మెద ఝుమ్మంటూ ఆ పని చేసేది. ఇప్పుడు ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌ను పూల కాడకు తాకిస్తున్నాం. తర్వాత దాంతో పళ్లు తోముకోవచ్చా అన్నది ఉపసంఘం పరిశీలనలో ఉంది.

ఇక విత్తనాల సంగతి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు అంది. మా బైలాస్ అంత ఉదారం కాదు. అనంతపురం నుంచి కొడుకింటికి వచ్చిన పెద్దావిడ ఒకరు, పక్క ఫ్లాటు వాళ్ల వేరే రకం బీర పుప్పొడి కలవకుండా, మొగ్గలు విచ్చకముందే పల్చటి గుడ్డసంచులు కట్టి, తనే పుప్పొడి అద్దారు. తీగకైనా సంబంధం చూసే చేయాలట! హైబ్రిడ్ జోలికి మాత్రం పోలేదు. దాని గింజలు దాచి వేస్తే ఏ మొక్క ఎలా కాస్తుందో చెప్పలేమని ఆవిడకు తెలుసు.

బాగా కాసిన ఒక కాయను, లోపల గింజలు గలగలమనేదాకా తీగ మీదే ఎండనిచ్చారు. టెర్రస్ అందం చెడుతోందంటూ సంఘం నోటీసు పంపింది. ఆవిడ దాన్ని శ్రద్ధగా నాలుగు ముక్కలు చేసి గింజలు పొట్లాలు కట్టి, ఇంటింటికీ పంచారు. మాకొచ్చిన పొట్లం మీద 'ఏడు రోజుల్లోగా సంజాయిషీ' అన్నంతవరకు స్పష్టంగా కనిపిస్తోంది.